వెనక్కి ఒక కుట్టు

పోయినవారం మావయ్యను కంపెనీ మీటింగ్ గది గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఆ మనిషి అప్పటినుంచీ ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టుకునే ఉన్నాడు. ఆయన తరఫున కోప్పడిన పాఠకులు కూడా ఉండే ఉంటారు. అందుకని ముందు ఆయన్ని లోపలికి తీసుకువెళ్లి కూర్చోబెడదాం.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. మావయ్యది ఎంబ్రాయిడరీ మిషన్లు బాగుచేసే కొట్టు. ఏ మిషన్ బుర్రయినా పాడైతే, బాగా నడుస్తున్న మరో మిషన్‌లోంచి ప్రోగ్రామ్ మొత్తాన్ని కాపీ తీసి దాంట్లోకి ఎక్కిస్తాడు. చచ్చిందనుకున్న మిషన్ లేచి కూర్చుంటుంది. ఇళ్లలో కుట్టుపని చేసుకుని బతికే ఆడవాళ్లకు ఆయన దేవుడి కింద లెక్క. ఆ మిషన్లు తయారుచేసి అమ్మే కంపెనీకి మాత్రం దొంగ కింద లెక్క. కంపెనీ ప్రోగ్రామ్‌ని దొంగతనంగా కాపీ చేశానని ఒప్పుకుని, కొట్టు మూసేస్తానని సంతకం పెట్టమని పిలిపించారు. పెట్టకపోతే కోర్టు. ఇందులో ఇంకో చిక్కుంది. ఆయన మేనకోడలు ఆ కంపెనీలోనే ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేస్తోంది. ఆఫీసులో అందరూ ఆమెను కత్తెర అని పిలుస్తారు. ఎవరు రాసిన ప్రోగ్రామ్‌నైనా సగానికి కత్తిరించి, అదే పని చేయించి చూపిస్తుంది కనక ఆ పేరు. మావయ్య సంతకం పెట్టడానికే వస్తున్నాడనుకుని కత్తెర గుండె చిక్కబట్టుకుని కూర్చుంది. తీరా చూస్తే ఆయన వెనకాలే ఒక పెద్దావిడ కూడా వచ్చింది. అక్కడ ఆగాం.

గదిలో పొడుగాటి బల్ల ఉంది. దాని చివర ఓనరు, పక్కన లాయరు. కిటికీ కింద గాజు మూతతో ఒక కొత్త మిషన్. కొనడానికి వచ్చినవాళ్లకు చూపించే మిషన్ అది. దాని తాళంచెవి ఎప్పుడూ ఓనరు జేబులోనే ఉంటుంది. మూత మీద దుమ్ము పడితే తుడిచేదీ ఆయనే. ఒక్క గది అద్దెకు తీసుకుని, మిషన్లను తనే భుజాన మోసుకెళ్లి ఇచ్చి వచ్చిన రోజులనాటి అలవాటు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తన చేత్తో పెంచిందంతా తనదేననుకునే రకం.

మావయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎంత కడిగినా పోని నూనె మరకలు కనిపించకుండా చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. కత్తెర ఆ చేతుల వైపే చూసింది. తల్లీ తండ్రీ లేని ఇద్దరు ఆడపిల్లల్ని, తననూ అక్కనూ, పెంచి పెద్దచేసింది ఆ చేతులే. విప్పిన మరల్ని విప్పిన వరసలోనే పేర్చుకోమని, ఒక్కటి కూడా వదలకుండా మళ్లీ బిగించమని నేర్పింది కూడా అవే. ఇప్పుడు ఆ చేత్తోనే 'నేను దొంగని' అన్న కాగితం కింద సంతకం పెట్టాలి. లాయరు కాగితాన్నీ కలాన్నీ మెల్లగా ఆయన వైపు జరిపాడు. ఆయన కలం అందుకుని, చేతిని మళ్లీ ఒళ్లోకే లాక్కున్నాడు.

పెద్దావిడ మాత్రం కాగితం వైపూ చూడలేదు, కుర్చీ వైపూ చూడలేదు. తిన్నగా కిటికీ దగ్గరకు నడిచి, గాజు మూతలోంచి తొంగిచూసి, "దీన్ని ఒకసారి నడిపించండి," అంది, కొట్లో పై అరలో ఉన్న గుడ్డ దింపి చూపించమన్నంత తేలిగ్గా.

ఓనరు కనుబొమ్మలు పైకి లేచాయి. మావయ్య గొంతు సవరించుకుని, ఆవిడ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారని, అందరూ టీచరమ్మ అంటారని పరిచయం చేశాడు. లెక్కలకూ ఈ తగాదాకూ సంబంధమేమిటో ఓనరుకు అంతుపట్టలేదు. అయినా తన మిషన్‌ని చూపించమంటే కాదనగల మనిషి కాదాయన. లేచి తాళం తీశాడు. టీచరమ్మ రెండు రంగుల్లో ఒక నక్షత్రం కుట్టించమంది. కత్తెర గుడ్డను ఫ్రేములో బిగించి, ఎర్రదారం, నీలందారం ఎక్కించి, మీట నొక్కింది.

సూది టకటకలాడుతూ పరుగెత్తింది. ఎర్ర భాగం పూర్తయ్యేసరికి, ఆ మిషన్లన్నీ చేసే పనే ఇదీ చేసింది. ఒక కుట్టు వెనక్కి వెళ్లి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ ముందుకు వచ్చి అప్పుడు దారం తెంపింది. ఓనరు ముఖం వెలిగిపోయింది. ఇలాంటి మిషన్ ఇంకెక్కడా దొరకదని, మిగతావాళ్ల మిషన్లు ఉన్నచోటే ముడేసి దారం తెంపుతాయని, తమది మాత్రం వెనక్కి చూసుకుని మరీ ముందుకు పోతుందని వివరించాడు. ప్రకటనల్లో వేసే మాట కూడా అదే. 'వెనక్కి చూసుకుని ముందుకు సాగే మిషన్.' ఆ వాక్యం ఆయన సొంతంగా రాసింది. దాని కోసం ఒక ఆదివారం మొత్తం ఖర్చయిందని కూడా చెప్పాడు.

టీచరమ్మ నవ్వు ఆపుకోవడానికి కాస్త కష్టపడింది. ఆ ఆగడం దేనికని అడిగింది. గట్టిదనానికని ఓనరు తడుముకోకుండా జవాబిచ్చాడు. ఆవిడ కత్తెర వైపు తిరిగి అదే ప్రశ్న అడిగింది.

కత్తెర ఇరకాటంలో పడింది. ఎందుకంటే ఆ పనికిమాలిన ఆగడం మీద ఆమెకు ఎప్పటినుంచో కన్ను. మిషన్‌ని ఆగనివ్వకుండా చేరిన కొత్తలో ఒకసారి నడిపించి కూడా చూసింది. కుట్టు ఏమాత్రం చెడలేదు. కానీ ఓనరు గారి వాక్యం చెడుతుందని మళ్లీ ఉన్నట్టే ఉంచాల్సి వచ్చింది.

"తెలీదండీ," అంది. "అది లేకపోయినా కుట్టు బాగానే వస్తుంది."

"లేకుండా చూశావన్నమాట. మంచి పిల్లవి." టీచరమ్మ ఆమె భుజం తట్టి, ఓనరు వైపు తిరిగింది. "అది మా చెల్లెలి మిషన్ కోసం పెట్టింది బాబూ. దాంట్లో దారం తెంపే కత్తి మొండిది. సూది ఒక్క క్షణం ఆగకపోతే దారం సరిగ్గా తెగక ఆఖరి కుట్టు ఊడిపోయేది. ఆ మిషన్ తుక్కులోకి వెళ్లి చాలా ఏళ్లయింది. మీ మిషన్లన్నీ పాపం ఇంకా దానికోసం ఆగుతున్నాయి."

అందరూ మిషన్ వైపు తిరిగారు. సూది ఒక్కటే నీలంరంగు పనిలో పడి తన లోకంలో తాను ఉంది.

తర్వాత టీచరమ్మ కుర్చీలో స్థిమితంగా కూర్చుని చెప్పుకొచ్చింది. చెల్లెలు కుట్టుపని చేసేది. ఆమె మిషన్‌తో వచ్చిన ప్రోగ్రామ్‌లో పువ్వు రేకులు ఎప్పుడూ ఒకదానికొకటి కలిసేవి కావు. సరిచేయమని అమ్మినవాళ్లను అడిగితే, చేయం అన్నారు. పోనీ లోపల ఏముందో చూపిస్తే తనే సరిచేసుకుంటానని ఈవిడ అడిగితే, చూపించం అన్నారు. ముక్కు మీద కోపం ఉన్న లెక్కల టీచరు ఊరుకుంటుందా? సెలవులన్నీ ధారపోసి మొదటి అక్షరం నుంచీ తనే రాసింది. పేరు సూదిబాట. చెల్లెలి మిషన్ మీద రేకులు కలిశాక, ఆ రాతంతా తీసుకెళ్లి ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టేసింది. ఇంకెవరూ ఇంకెవరిచేతా 'చూపించం' అనిపించుకోకూడదని ఒక లైసెన్స్ కూడా దానికి జత చేసింది.

వింటున్నంతసేపూ కత్తెర ఆవిడ ముఖం మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఆ పాత ప్రోగ్రామ్ లోపల ఆమె ఎన్నో రోజులు తిరిగింది. ఎక్కడ చూసినా తొందర కనిపించేది కాదు, గొప్పలు కనిపించేవి కావు. కత్తిరిద్దామని కత్తి ఎత్తి, కత్తిరించడానికి ఏమీ దొరక్క దించేసిన చోట్లు కూడా ఉన్నాయి. ఎవరో మహానుభావులు రాశారని ఎన్నోసార్లు అనుకుంది. ఆ మహానుభావురాలు ఇప్పుడు ఎదురుగా కూర్చుని, కళ్లజోడు తాడుకు పడ్డ ముడి విప్పుకుంటోంది. లేచి దండం పెట్టాలనిపించింది కత్తెరకు. ఓనరు ఎదురుగా ఉన్నాడని ఊరుకుంది.

ఓనరుకు మాత్రం పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. ఇదేదో ఎవరో రాసిన పాత ప్రోగ్రామని అప్పట్లో ఒకమ్మాయి చెప్పిందని, తను పట్టించుకోలేదని నసిగాడు. ఆ ఒకమ్మాయి ఎవరో తెలిసిన ఇద్దరూ, మావయ్యా కత్తెరా, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఓనరు ధైర్యం కూడదీసుకుని, "మీకేం కావాలో చెప్పండి మేడమ్," అన్నాడు.

"నాకా? టీ ఇప్పిస్తే తాగుతాను," అంది టీచరమ్మ.

టీ వచ్చేలోపు లాయరు తన పని తాను చేశాడు. సూదిబాట లైసెన్స్‌ని ఫోన్‌లో తెరిచి, మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటికి వెళ్లాడు. మాట తూచి మాట్లాడే మనిషి. చదివినకొద్దీ ఆయన ముఖంలో ఒక రకమైన గౌరవం కనబడింది. వాడుకోవచ్చని ఉంది, కాపీ తీసి ఎంతమందికైనా ఇవ్వొచ్చని ఉంది, మార్చుకోవచ్చని ఉంది, చివరికి అమ్ముకోవచ్చని కూడా ఉందని ఓనరుకు చెప్పాడు. ఓనరుకు ప్రాణం లేచొచ్చింది.

"అమ్ముకోవద్దని నేనెందుకంటాను?" అంది టీచరమ్మ. "మిషన్లు మోసుకెళ్లి ఇంటింటికీ చేర్చింది మీరు. నా వల్ల అయ్యే పనా అది? ఎంతమందికి అమ్మితే నాకంత సంతోషం. దాచుకోవడం మాత్రం కుదరదు. నేను మీకేం ఇచ్చానో, మీ దగ్గర కొన్నవాళ్లకి మీరూ అదే ఇవ్వాలి. లోపల ఏముందో చూసుకునే హక్కు, మార్చుకునే హక్కు, ఇంకొకళ్లకి ఇచ్చుకునే హక్కు. మీరు చేసిన మార్పులతో సహా."

లాయరు తలూపాడు. మిషన్ కొన్న ప్రతి మనిషికీ ఆ హక్కులు కొన్నరోజే వచ్చేశాయని, వాటిని మధ్యలో ఆపే అధికారం కంపెనీకి లేదని చెప్పాడు. వాళ్లు మావయ్యకు కాపీ ఇవ్వొచ్చు, మావయ్య మరొకరికి ఇవ్వొచ్చు. చెబుతూ చెబుతూనే బల్ల మీది కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు.

"దొంగతనం అన్న మాట ఇక్కడ నిలవదు సార్. ఈయన చేత దీని మీద సంతకం పెట్టించమంటే నేను పెట్టించలేను."

జీతమిచ్చే మనిషి ఎదుట ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో కత్తెరకు తెలుసు. ఒకప్పుడు తనకు లేని గుండె అదే. మావయ్య కలాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. అప్పటిదాకా దాన్ని అంత గట్టిగా పట్టుకుని ఉన్నానని ఆయనకే తెలిసినట్టు లేదు.

అంతలో నక్షత్రం పూర్తయింది. టీచరమ్మ ఫ్రేమును బయటికి తీసి, ముందు గుడ్డను తిరగేసి చూసింది. కుట్టుపని ఎరిగినవాళ్లు ముందు చూసేది వెనక వైపే. తర్వాత నక్షత్రం లోపలి మూలల మీద బొటనవేలు పెట్టి రుద్దింది. మళ్లీ రుద్దింది. కళ్లజోడు పెట్టుకుని వెలుతురుకు పట్టింది. ఆవిడ ముఖంలో మార్పు చూసి ఓనరుకు మళ్లీ కంగారు పుట్టింది.

"ఈ మూలలు నావి కావు," అంది నెమ్మదిగా. "నా ప్రోగ్రామ్‌లో ఇలాంటి చోట కుట్లన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి ముద్ద కట్టేవి. ఎన్ని విధాల ప్రయత్నించానో నాకే గుర్తులేదు. ఇక్కడ లోపలి వైపు ఒకటి విడిచి ఒకటి కుట్టు పొట్టి చేశారు. మూల ఎంత ఇరుకైతే అంత పొట్టి. వేలికి ఏం తగలడం లేదు చూడండి. ఇంత తేలికైన సంగతి నాకెందుకు తట్టలేదో. ఎవరండీ రాసింది? ఆ చెయ్యి ఎవరిదో చూడాలి."

"మా పెద్దమ్మాయండీ," అన్నాడు మావయ్య. ఎక్కడ కూర్చున్నాడో, ఎందుకు వచ్చాడో అన్నీ మరిచిపోయి, నూనె మరకల చేతులు రెండూ బల్ల మీదకు తెచ్చేశాడు.

కత్తెరకు తల తీసేసినట్టయింది. అక్క ఈ మూలలు రాస్తున్న రోజుల్లో తను ఇదే ఆఫీసులో ఆమె పక్క కుర్చీలోనే ఉంది. రాస్తూ రాస్తూ లోతుకు వెళ్లాకే, కంపెనీ మిషన్లలో నడుస్తున్నది ఎవరో ఇంటర్నెట్ నుంచి తెచ్చిన సూదిబాట అని, దానికో లైసెన్స్ ఉందని అక్క కనిపెట్టింది. ఓనరు దగ్గరకు వెళ్లి, మన మార్పులతో సహా కొన్నవాళ్లకు ఇచ్చేయాలని చెప్పింది. ఓనరు ససేమిరా అన్నాడు. మాట మీద మాట పెరిగింది. అక్క గుమ్మంలో ఆగి, "నువ్వు చెప్పవే, నేను చెప్పేది తప్పా?" అని చెల్లెలిని అడిగింది. కత్తెర కంప్యూటర్ తెర వైపు చూస్తూ కూర్చుంది. అక్క వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఏదైనా చెప్పాల్సి వస్తే మావయ్య ద్వారానే కబురు.

ఓనరు టీచరమ్మ చేతిలోని నక్షత్రం వైపు చాలాసేపు చూశాడు. తన సరుకును అంత ఇష్టంగా తడిమిన మనిషిని ఆయన ఈమధ్య కాలంలో చూడలేదు. చివరికి, సరే, ఇవ్వాల్సింది ఇచ్చేద్దామన్నాడు. అన్నాక ఆయన భుజాలు కాస్త కిందికి దిగాయి. ప్రోగ్రామ్ అసలు రాత అంతా కొన్నవాళ్లందరికీ అందేలా బయట పెట్టమని కత్తెరకు పురమాయించాడు. మావయ్య కళ్లు తుడుచుకున్నాడు. కథ సుఖాంతమైపోయిందనే అందరూ అనుకున్నారు.

కత్తెర కుర్చీలోంచి కదల్లేదు. ఇప్పుడు కూడా నోరు మూసుకుని కూర్చోవచ్చు. ఏదో ఒక పాత ముక్కను తెచ్చి పెడితే ఈ గదిలో ఎవరికీ తేడా తెలియదు, బహుశా టీచరమ్మకు తప్ప. టీచరమ్మ వైపు చూసింది. చూశాక అబద్ధం ఆడాలన్న ఆలోచన దానంతటదే చచ్చిపోయింది.

"సార్, అది మన దగ్గర లేదు," అంది.

ప్రోగ్రామ్‌కు రెండు రూపాలుంటాయి. మనుషులు చదివి మార్చుకోగలిగే అసలు రాత ఒకటి. దాన్నే సోర్స్ అంటారు. దాన్నుంచి తయారై మిషన్‌లో నడిచే రూపం రెండోది. అది మిషన్‌కు తప్ప మనిషికి కొరుకుడు పడదు. అక్క ఆ మూలల పనంతా తన సొంత లాప్‌టాప్‌లో చేసింది. తయారైన రూపాన్ని ఆఫీసుకు ఇచ్చింది. అసలు రాతను అందరూ వాడే చోట పెట్టేలోపే గొడవ జరిగి వెళ్లిపోయింది. ఆఫీసులో ప్రతివాళ్లూ అది పక్కవాళ్ల దగ్గర ఉందనుకున్నారు. లేదని తేలిన రోజున ఓనరుకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అప్పటినుంచీ ఆ తయారైన రూపాన్నే ప్రతి కొత్త మిషన్‌లోకీ ఎక్కిస్తున్నారు. కొత్త అవసరం ఏదొచ్చినా కత్తెర దాని జోలికి పోకుండా పైపైన అతుకులు వేస్తోంది. వింటే నవ్వొస్తుంది గానీ, ఇలాంటి తప్పు ఇంత తెలివైనవాళ్లే చేయగలరు.

లాయరు కలం మూత పెట్టేశాడు. సోర్స్ ఇవ్వలేని మనిషికి ప్రోగ్రామ్ ఇచ్చే హక్కు కూడా ఉండదని, లైసెన్స్ అక్కడ మాత్రం చాలా గట్టిగా ఉందని చెప్పాడు. రేపటినుంచి ఒక్క మిషన్ కూడా గేటు దాటకూడదు. తర్వాత, చెప్పడం ఇష్టం లేనట్టుగా మావయ్య వైపు తిరిగాడు.

"మీకూ అదే రూలండీ. ఎవరిచ్చినా సోర్స్‌తో కలిపే ఇవ్వాలి. ఇన్నాళ్లూ ఇచ్చింది కూడా సరికాదనే అంటారు."

మావయ్య ముఖంలోంచి వెలుగు దిగిపోయింది. సంతకం తప్పినా కొట్టు మూయడం తప్పేలా లేదు. లాయరే మళ్లీ, రాసిన మనిషిగా టీచరమ్మ ఒక్క మినహాయింపు ఇస్తే సరిపోతుంది కదా అని దారి చూపించాడు. అందరూ ఆవిడ వైపు తిరిగారు. టీచరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"నా ఒక్కదానిదే అయితే ఇప్పుడే ఇచ్చేదాన్ని," అంది. "నా తర్వాత చాలామంది చేతులు పడ్డాయి దాంట్లో. ఎవరి పని ఎవరూ దాచుకోరన్న మాట నమ్మి ఇచ్చారు వాళ్లు. వాళ్ల తరఫున నేనెలా సరే అంటాను? మీ మంచితనం చూసి కూడా ఇవ్వలేకపోతున్నాను. ఏమీ అనుకోకండి."

ఏమీ అనుకోలేదు మావయ్య. పైగా ఆవిడ అన్నదానికి తలూపాడు. ఆ తలూపడం చూసి కత్తెరకు ఏడుపొచ్చింది. బతుకు పోతున్నా న్యాయమైన మాటను న్యాయమని ఒప్పుకునే మనిషి చేతుల్లో పెరిగి, తను ఆ రోజు అలా ఎలా కూర్చుందో ఆమెకు అర్థం కాలేదు.

"అక్కకి ఫోన్ చెయ్ తల్లీ," అన్నాడు మావయ్య.

ఓనరు అడ్డొచ్చాడు. ఆ అమ్మాయిని ఇప్పుడు ఇబ్బంది పెట్టడం ఎందుకని, ఇంకేదైనా మార్గం చూద్దామని, కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ అన్నాడు. మిషన్లు గేటు దాటవన్న మాటకు కూడా అదరని మనిషి ఫోన్ అనగానే ఎందుకు ఉలిక్కిపడ్డాడో అప్పుడు ఎవరూ ఆలోచించలేదు. కత్తెర అప్పటికే ఫోన్ తీసి, అందరికీ వినపడేలా బల్ల మధ్యలో పెట్టింది.

"చెప్పు," అంది అక్క గొంతు.

కత్తెర ఫోన్ మీదికి వంగింది. "అక్కా, నువ్వు చెప్పిందే నిజం. ఆ రోజు నేను మాట్లాడాల్సింది. మాట్లాడలేదు."

"దానికి ఇంటికొచ్చి తీరిగ్గా తిడతాను," అంది అక్క. గొంతులో తడి వినబడకూడదని కాబోలు, గబగబా అంది. "ముందు సంగతేంటో చెప్పు."

కత్తెర చెప్పింది. మూలల సోర్స్ కావాలంది. ఆ లాప్‌టాప్ ఎప్పుడో పాడైపోయిందని అక్క చెప్పేసరికి మావయ్య కళ్లు మూసుకున్నాడు.

"కానీ నేను ఇవ్వకుండా వెళ్లలేదే," అంది అక్క. "ఇవ్వాల్సినవాళ్లకి ఇచ్చే వెళ్లాను."

"ఎవరికి?"

"కొన్నవాళ్లకి. ఆఖరిసారి తయారుచేసినప్పుడు సోర్స్ మొత్తం దాంట్లోనే పెట్టేశాను. సార్ ఇవ్వనన్నారుగా. మిషన్ ఇస్తే అదీ వెళ్తుందని పెట్టాను. మీరు అమ్మిన ప్రతి మిషన్‌లోనూ ఉంది. మావయ్య ఎక్కించిన ప్రతి మిషన్‌లోనూ ఉంది. ఒక్క ముక్క కూడా వదలకుండా మొత్తం కాపీ తీస్తాడుగా ఆయన. మనకి నేర్పింది అదేగా."

మావయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఇన్నాళ్లూ దొంగ అనిపించుకున్న మనిషి, తనకే తెలియకుండా, లైసెన్స్‌లో రాసింది రాసినట్టు చేస్తూ వచ్చాడు. టీచరమ్మ బల్ల మీదికి వంగి, సంతకం లేని ఆ కాగితాన్ని తన ముందుకు లాక్కుని, దాని మీద టీ గ్లాసు పెట్టుకుంది.

"ఎవరమ్మా నువ్వు," అంది ఫోన్ వైపు చూస్తూ, ఇంకేం అనాలో తెలియక.

ఎలా తెరవాలో అక్క చెప్పింది. మిషన్ తెర మీద భాష ఎంచుకునే పట్టీ చివర, పేరేమీ లేని ఒక ఖాళీ గీత ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకోవాలి. కత్తెరకు ఆ గీత బాగా తెలుసు. పొరపాటున మిగిలిపోయిన చెత్త అనుకుంది. సోర్స్ లేక చెయ్యి పెట్టలేకపోయింది గానీ, ఉంటే ఏనాడో కత్తిరించేసేది. మిషన్ దగ్గరకు వెళ్లి, ఆ గీతను నొక్కి పట్టుకుంది.

తెర తెల్లబడింది. తర్వాత వరసలు వరసలుగా అక్షరాలు దిగాయి. అన్నిటికంటే పైన టీచరమ్మ పేరు, దాని కింద ఎవరెవరివో పేర్లు, చివరన అక్క పేరు. కింద లైసెన్స్, ఒక్క అక్షరం పోకుండా. టీచరమ్మ లేచి వచ్చి, పెదవులు కదుపుతూ, ముందుగా మూలల దగ్గరి రాత చదవడం మొదలుపెట్టింది. లాయరు ఆవిడ భుజం మీదుగా తొంగిచూస్తున్నాడు. మావయ్య తడి కళ్లతో పెద్దమ్మాయి పేరునే మళ్లీ మళ్లీ చూసుకుంటున్నాడు.

కత్తెర చూపు తెర అడుగుకు వెళ్లింది. అక్కడ చిన్న అక్షరాల్లో ఒక వరస ఉంది. ఈ సోర్స్‌ని ఇంతకుముందు ఆఖరిసారి ఎప్పుడు తెరిచారో మిషన్ దానంతటదే రాసుకున్న వరస.

నిన్న.

ఈ మిషన్ తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో ఆమె ఎవరినీ అడగనక్కర్లేదు.

"తెరుచుకుందా?" ఫోన్‌లోంచి అక్క అడుగుతోంది. "ఏమే, తెరుచుకుందా?"

కత్తెర తలెత్తింది. గదిలో అందరూ తెర వైపే చూస్తున్నారు, ఒక్క ఓనరు తప్ప. ఆయన కిటికీ వైపు తిరిగి కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.